చుట్టపుచూపు వీసాపై మూడు బరువులు

గల్ఫ్ దేశాలు 2024, 2025 సంవత్సరాలలో విజిట్ వీసా నిబంధనలను ఒకదాని వెంట ఒకటిగా బిగించాయి. 2024 చివరలో దుబాయ్ అధికారులు విజిట్ వీసా అర్జీతో పాటు తిరుగు ప్రయాణపు టికెట్టు, హోటల్ బుకింగు లేదా ఆతిథ్యమిచ్చే బంధువు ఇంటి అద్దె పత్రం చూపాలన్నారు. 2025 ఫిబ్రవరిలో సౌదీ అరేబియా మన దేశంతో సహా 14 దేశాల వారికి పలుమార్లు వచ్చిపోయే విజిట్ వీసాను ఆపి, ఒక్కసారి ప్రవేశానికే పరిమితం చేసింది. అదే సంవత్సరం ఏప్రిల్‌లో, విజిట్ వీసాపై వచ్చి హజ్ చేయబోయే వారికి 20 వేల రియాళ్ల వరకు జరిమానా తప్పదని ప్రకటించింది.

హైదరాబాద్ పాతబస్తీ, నిజామాబాద్, కరీంనగర్, కడప ప్రాంతాల ముస్లిం కుటుంబాలకు ఇవి దూరదేశపు వార్తలు కావు. కొడుకు జిద్దాలో, అల్లుడు రియాద్‌లో, తమ్ముడు షార్జాలో ఉన్న ఇళ్లు మన బస్తీలలో కోకొల్లలు. అమ్మీ, అబ్బా ఒకసారి వచ్చి చూసిపోవాలన్నా, భార్యాపిల్లలు సెలవులకు వెళ్లాలన్నా విజిట్ వీసాయే దిక్కు. అందువల్ల ఈ నిబంధనలు ఎందుకు బిగిశాయో, ఎవరి మీద ఆ భారం పడుతున్నదో మనం నిదానంగా ఆలోచించవలసి ఉంది.

గల్ఫ్ ప్రభుత్వాలు మనవారిపై చిన్నచూపుతోనే ఇలా చేస్తున్నాయని కొందరంటున్నారు. ఏజెంట్ల మోసాలే అసలు కారణమని మరికొందరంటున్నారు. రెండు మాటల్లోనూ కొంత నిజం ఉండవచ్చు. అయితే మా అభిప్రాయంలో అసలు విషయం వేరు. విజిట్ వీసా చుట్టంగా వెళ్లి, చూసి, తిరిగి వచ్చేవారి కోసం ఏర్పడింది. దానిపై మూడు పెద్ద బరువులు వచ్చి పడ్డాయి. ఒకటి సంసారం, రెండు ఉద్యోగం, మూడు హజ్. ఈ మూడింటికీ వేరే దారులున్నాయి. ఆ దారులు ఖరీదైనవి గనుకో, ఆలస్యమవుతాయి గనుకో, తెలియక గనుకో జనం విజిట్ వీసా దారిలోకి మళ్లారు. ఆ దారి మూసుకుపోయినప్పుడల్లా నష్టపోతున్నది మాత్రం అందరికంటే బలహీనులే.

సంసారపు బరువు

సౌదీలో పనిచేసే మన సోదరులు భార్యాపిల్లలను ఇఖామాపై తమ దగ్గరే ఉంచుకోవడం ఒకప్పుడు మామూలు సంగతి. 2017 జులైలో సౌదీ ప్రభుత్వం విదేశీ ఉద్యోగుల కుటుంబ సభ్యులపై తలకు నెలకు 100 రియాళ్ల రుసుం విధించింది. ఏటా మరో 100 పెంచుకుంటూ పోయి, 2020 నాటికి దానిని 400 రియాళ్లు చేసింది. భార్య, ఇద్దరు పిల్లలు ఉన్న వ్యక్తి లెక్క చూద్దాం. ముగ్గురికి నెలకు 1,200 రియాళ్లు, సంవత్సరానికి 14,400 రియాళ్లు. నెలకు మూడు నాలుగు వేల రియాళ్లు సంపాదించే వారికి ఇది దాదాపు నాలుగైదు నెలల జీతంతో సమానం. ఇంటి అద్దె, బడి ఫీజులు దీనికి అదనం. ఆ మూడేళ్లలో ఎన్ని కుటుంబాలు సామాను సర్దుకుని హైదరాబాద్‌కు తిరిగి వచ్చాయో టోలిచౌకీ, మెహదీపట్నం వైపు ఉన్నవారికి తెలుసు.

ఇక కింది స్థాయి పనులు చేసేవారికి ఆ అవకాశం మొదటి నుంచీ లేదు. ఇఖామాలో కూలి అని వృత్తి రాసి ఉన్నవారికి కుటుంబ నివాస వీసా సాధారణంగా ఇవ్వరు.

ఇటువంటి స్థితిలో సంవత్సరం చెల్లుబాటుతో పలుమార్లు వెళ్లివచ్చే విజిట్ వీసా ఈ కుటుంబాలకు వరంలా కనిపించింది. ఒక్కో విడత 90 రోజులు ఉండవచ్చు. గడువు దగ్గరపడగానే దమ్మామ్ వైపు ఉన్నవారు 25 కిలోమీటర్ల కింగ్ ఫహద్ వంతెన మీదుగా బహ్రెయిన్ వెళ్లి రావడం, మరికొందరు జోర్డాన్ సరిహద్దు దాటి రావడం ఆనవాయితీ అయింది. తలపన్ను లేకుండానే ఆలుమగలు ఒకచోట ఉండగలిగారు. ఇందులో చట్టాన్ని అతిక్రమించింది లేదు. అక్షరం ప్రకారం చట్టబద్ధమే. కాని అతిథి పేరుతో కాపురం నడుస్తున్నదన్న సంగతి అధికారులకు తెలియనిదేమీ కాదు. 2025 ఫిబ్రవరి నాటి ఆదేశంతో ఆ వెసులుబాటుకు గండి పడింది.

ఇక్కడే చాలామంది పొరపాటు పడ్డారు. వీసా చెల్లుబాటు కాలం వేరు, ఆ దేశంలో ఉండగల రోజులు వేరు. వీసా మీద సంవత్సరం అని ఉన్నంత మాత్రాన సంవత్సరమంతా ఉండవచ్చని అనుకోవడం తప్పు. ఈ తేడా గమనించక గడువు దాటిపోయినవారు ఎందరో ఉన్నారు. 2025 జూన్ చివరలో సౌదీ పాస్‌పోర్టు శాఖ, గడువు ముగిసిన విజిట్ వీసాదారులు రుసుము, జరిమానా చెల్లించి స్వదేశం వెళ్లిపోయేందుకు 30 రోజుల అవకాశం ఇవ్వవలసి వచ్చిందంటే సమస్య తీవ్రత అర్థం చేసుకోవచ్చు.

గడువు దాటితే వెళ్లినవారికి మాత్రమే ఇబ్బంది అనుకోకూడదు. తాను రప్పించిన వ్యక్తి గడువులోగా వెళ్లకపోయినా అధికారులకు తెలుపని ప్రవాసికి 50 వేల రియాళ్ల వరకు జరిమానా, ఆరు నెలల వరకు జైలు, ఆపైన దేశ బహిష్కారం ఉంటాయని సౌదీ హోంశాఖ 2025లో హెచ్చరించింది. తల్లిని మరో నెల దగ్గర ఉంచుకుందామన్న కొడుకు ప్రేమ, ఆ కొడుకు ఉద్యోగానికే ముప్పు తేగలదన్నమాట.

ఉద్యోగపు బరువు

రెండో బరువు ఇంతకంటే ప్రమాదకరమైనది. ‘ముందు విజిట్ మీద వెళ్లు, అక్కడికి పోయాక మార్పించుకోవచ్చు’ అనే ఏజెంటు మాట వినని గల్ఫ్ పల్లె ఉండదేమో. ఏజెంటు ఈ మాట ఎందుకు చెబుతాడో తెలుసుకుంటే సగం మోసం అక్కడే తేలిపోతుంది.

1983 నాటి ఎమిగ్రేషన్ చట్టం ప్రకారం పదో తరగతి ప్యాసు కాని వారి పాస్‌పోర్టు ఈసీఆర్ తరగతికి చెందుతుంది. అటువంటివారు గల్ఫ్ సహా 18 దేశాలకు ఉద్యోగం కోసం వెళ్లాలంటే ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ అనుమతి కావాలి. ఆ అనుమతికి ఉద్యోగ ఒప్పందం చూపాలి. జీతమెంత, పని ఏమిటి, యజమాని ఎవరు అన్నది ఈ-మైగ్రేట్ వ్యవస్థలో నమోదవుతుంది. రిజిస్టరయిన ఏజెంటు 30 వేల రూపాయలు, దానిపై జీఎస్టీ మించి వసూలు చేయరాదు. ప్రవాసీ భారతీయ బీమా యోజన కింద రెండేళ్లకు 275 రూపాయల ప్రీమియంతో 10 లక్షల రూపాయల బీమా ఉంటుంది.

విజిట్ వీసాకు ఇవేవీ అవసరం లేదు. అనుమతి లేదు, ఒప్పందం లేదు, రుసుముకు హద్దు లేదు, బీమా లేదు. ఏజెంటుకు అంతకంటే కావలసిందేముంది? లక్ష అడిగినా లక్షన్నర అడిగినా ప్రశ్నించే అధికారి ఉండడు. పనికోసం వెళ్లే మనిషి కాగితాల మీద పర్యాటకుడు మాత్రమే. రేపు యజమాని జీతం ఎగవేస్తే కార్మిక న్యాయస్థానంలో చూపడానికి చేతిలో ఒప్పందం ఉండదు. పనిలో దెబ్బ తగిలితే పరిహారం అడిగే హక్కు నిరూపించడం కష్టం. ప్రాణమే పోతే, మృతదేహాన్ని స్వదేశానికి పంపవలసిన యజమాని అంటూ కాగితాలపై ఎవరూ ఉండరు. ఆ ఖర్చు కోసం తోటివారు చందాలు పోగు చేయవలసిన దుస్థితి మనకు కొత్త కాదు. గడువు తీరాక మిగిలేది ఖల్లివెల్లి బతుకే.

మన చెల్లెళ్ల విషయంలో ఇది మరీ దారుణం. ఈసీఆర్ పాస్‌పోర్టు ఉన్న మహిళలను ఇంటిపని కోసం పంపాలంటే 30 ఏళ్లు నిండాలి, తెలంగాణలో టామ్‌కామ్, ఆంధ్రప్రదేశ్‌లో ఓమ్‌క్యాప్ వంటి ప్రభుత్వ సంస్థల ద్వారానే పంపాలి. ఆ కట్టుదిట్టాలు తప్పించుకోవడానికే దళారులు వారిని విజిట్ వీసాలపై తరలిస్తున్నారు. ఏ ఇంటికి పంపారో, ఎవరికి అప్పగించారో ఇక్కడి తల్లిదండ్రులకు తెలిసే మార్గమే లేకుండా పోతున్నది.

ఈ తంతు గల్ఫ్‌కే పరిమితం కాలేదు. 2024 మే నెలలో విశాఖపట్నం పోలీసులు కంబోడియా ముఠాల వ్యవహారం బయటపెట్టారు. డేటా ఎంట్రీ ఉద్యోగాలని నమ్మి వెళ్లిన యువకులతో అక్కడ బలవంతంగా సైబర్ మోసాలు చేయించారు. 2022 జనవరి, 2024 మే నెలల మధ్య విజిటర్ వీసాలపై కంబోడియా, థాయిలాండ్, మయన్మార్, వియత్నాం వెళ్లినవారిలో 29,466 మంది భారతీయులు తిరిగి రాలేదని ఇమ్మిగ్రేషన్ శాఖ లెక్కలను పత్రికలు అదే ఏడాది వెల్లడించాయి. వారందరూ చిక్కుకున్నవారేనని చెప్పలేము. కాని అంతమంది జాడ కోసం వెతకవలసి రావడమే ఎంతో ఆందోళనకరం.

అక్కడికి వెళ్లి వీసా మార్పించుకోవడం అసలే కుదరదా? దేశాన్ని బట్టి ఉంటుంది. ఎమిరేట్స్‌లో కంపెనీ వర్క్ పర్మిట్ తెస్తే అక్కడే మార్చుకునే వీలుంది. 2022 అక్టోబరు నుంచి చదువు, నైపుణ్యం ఉన్నవారికి ఉద్యోగం వెతుక్కునేందుకు ప్రత్యేక వీసా కూడా ఉంది. కాని పర్మిట్ చేతికి రాకముందు ఒక్కరోజు పనిచేసినా నేరమే. పర్మిట్ లేనివారిని పనిలో పెట్టుకునే యజమానికి లక్ష నుంచి పది లక్షల దిర్హాముల దాకా జరిమానా విధించేలా 2024లో అక్కడ చట్టం సవరించారు. అంతటి భయం ఉన్నప్పుడు విజిట్ వీసా మనిషిని ఏ మంచి కంపెనీ పనిలోకి తీసుకుంటుంది? చేర్చుకునేది దాక్కుని పనిచేయించేవాడే. గడువు దాటితే రోజుకు 50 దిర్హాముల చొప్పున జరిమానా పెరుగుతూ పోతుంది. ఇక సౌదీలోనైతే విజిట్ వీసాను ఇఖామాగా మార్చడం సాధారణంగా సాధ్యం కాదు. అక్కడ మార్పిస్తామన్న ఏజెంటు మాట నమ్మదగినది కాదు.

హజ్ బరువు

మూడో బరువు గురించి మాట్లాడటం కష్టం. ఎందుకంటే ఇక్కడ వెళ్లేవారి మనసులో దురాశ లేదు, కాబాను చూడాలన్న ఆర్తి ఉంది. మన దేశానికి హజ్ కోటా 2024లోనూ, 2025లోనూ 1,75,025 మాత్రమే. హజ్ కమిటీ డ్రాలో పేరు రానివారు, ప్రైవేటు టూర్ల ధర భరించలేనివారు కొడుకు పంపిన విజిట్ వీసాపై వెళ్లి, ఎలాగో మక్కా చేరి హజ్ చేద్దామనుకుంటారు. కొన్నేళ్లు కొందరికి అలా సాగింది కూడా.

2024 హజ్‌లో ఏం జరిగిందో గుర్తు చేసుకుందాం. ఆ జూన్ 17న మక్కాలోని హరమ్ వద్ద ఉష్ణోగ్రత 51.8 డిగ్రీలకు చేరింది. 1,301 మంది మరణించారని, వారిలో 83 శాతం అనుమతి లేకుండా వచ్చినవారేనని సౌదీ ఆరోగ్యశాఖ మంత్రి ప్రకటించారు. ఎండలో నీడ లేకుండా చాలా దూరం నడవడం వల్లనే వారు ప్రాణాలు కోల్పోయారు. పర్మిట్ ఉన్న హాజీకి మినాలో గుడారం ఉంటుంది, అరఫాత్‌కు బస్సు ఉంటుంది, పేరు నమోదై ఉంటుంది. పర్మిట్ లేనివారికి ఇవేవీ ఉండవు. చెక్‌పోస్టు భయంతో దారి తప్పించుకుని నడవాలి. కళ్లు తిరిగినా వైద్యుని వద్దకు వెళ్లడానికి జంకుతారు. చాలామంది వద్ద గుర్తింపు పత్రాలు లేనందున మరణించినవారు ఎవరో తేల్చడానికే రోజులు పట్టింది. ఆ తర్వాత ఈజిప్టు ప్రభుత్వం ఇలా యాత్రికులను పంపిన 16 ట్రావెల్ కంపెనీల లైసెన్సులు రద్దు చేసింది.

హజ్ ఎవరిపై విధి? స్తోమత ఉన్నవారిపైన. స్తోమత అంటే డబ్బు ఒక్కటే కాదు, ఆరోగ్యమూ, మార్గమూ కూడా. పర్మిట్ లేకుండా హజ్‌కు వెళ్లడం ధర్మసమ్మతం కాదని, వెళ్లినవారు పాపం మూటగట్టుకున్నట్టేనని సౌదీ పెద్ద ఉలమాల మండలి 2024 ఏప్రిల్‌లోనే స్పష్టం చేసింది. పర్మిట్ లేనివారు ఆక్రమించే ప్రతి అడుగు స్థలమూ పర్మిట్ పొందిన మరో ముసలివాని హక్కు అన్నది మరువరాదు.

విజిట్ వీసాపై ఉమ్రా చేయవచ్చు. నుసుక్ యాప్‌లో పర్మిట్ తీసుకుంటే చాలు. హజ్ రోజులు సమీపించాక మాత్రం విజిట్ వీసాదారులకు మక్కా ప్రవేశమే ఉండదు. 2024లో మే 23 నుంచి జూన్ 21 వరకు, 2025లో ఏప్రిల్ 29 నుంచి జూన్ 10 వరకు ఇటువంటి నిషేధం నడిచింది. జిద్దాలో కొడుకు ఇంట ఉన్న తల్లి ఆ రోజుల్లో హరమ్‌కు నమాజుకూ వెళ్లలేదు. కనుక ఉమ్రా ఆశతో వెళ్లేవారు హజ్ నెలలకు ముందో, హజ్ ముగిశాకో ప్రయాణం పెట్టుకోవడం మేలు. 2025 నాటి ప్రకటనలో మరో సంగతి ఉంది. హజ్ చేయించే ఉద్దేశంతో విజిట్ వీసా తీయించినవారికి, ఆశ్రయం ఇచ్చినవారికి, వాహనంలో తీసుకుపోయినవారికి లక్ష రియాళ్ల వరకు జరిమానా. దొంగచాటుగా హజ్‌కు వెళ్లే అక్కడి నివాసికైనా, గడువు దాటినవారికైనా దేశ బహిష్కారం, పదేళ్ల నిషేధం.

అర్జీ పెట్టుకునేవారికి

విజిట్ వీసా చెడ్డదని మేము అనడం లేదు. బిడ్డల ఇల్లు చూసి రావడానికి అది చక్కని సాధనం. అయితే కొన్ని జాగ్రత్తలు తప్పనిసరి.

సౌదీ కుటుంబ విజిట్ వీసా అర్జీ అక్కడ ఇఖామాపై ఉన్న కొడుకో, భర్తో స్వయంగా విదేశాంగ శాఖ వెబ్‌సైటులో పెడతారు. ఇక్కడివారు పాస్‌పోర్టు, ఫొటో, సంబంధం రుజువు చేసే పత్రాలు ఇచ్చి, వేలిముద్రలు వేయాలి. ఇందులో ఏజెంటు చేసేది కాగితాలు అందించడమే. దానికి వేలకు వేలు పోయవలసిన పని లేదు. పాస్‌పోర్టుకు కనీసం ఆరు నెలల గడువు మిగిలి ఉండాలి. పాస్‌పోర్టులో, నికానామాలో, జనన పత్రంలో పేరు అక్షరం తేడా లేకుండా ఉండాలి. ఒకచోట బేగం, మరొకచోట బీ అని ఉన్న పేర్లు మన ఇళ్లలో ఎన్నో. వీటిని ముందే సరిచేయించుకోవాలి.

వీసా చేతికి రాగానే నాలుగు సంగతులు చదివించుకోవాలి. వీసా ఏ రకం, ఎన్నిసార్ల ప్రవేశం, ఒక విడత ఎన్ని రోజులు, ఏ తేదీలోగా ప్రయాణం. విజిట్ వీసాతో వచ్చే బీమా అత్యవసర వైద్యానికే తప్ప పాత జబ్బుల చికిత్సకు కాదు. షుగరు, బీపీ ఉన్న పెద్దలు మందులు, వాటి చీటీలు వెంట ఉంచుకోవాలి.

ప్రయాణ ఉద్దేశం అనే గడిలో మనం రాసేది కేవలం సిరా గుర్తు కాదు. ఒక దేశానికి మనం ఇస్తున్న మాట. ఒకరి ఇంట్లోకి అనుమతి అడిగి వెళ్లాలని, ఇచ్చిన మాట నిలుపుకోవాలని మన పిల్లలకు చిన్ననాడే నేర్పుతాము. చుట్టపుచూపుకు వస్తున్నామని రాసి కూలికి వెళ్లడం ఆ మర్యాదకు విరుద్ధం. అంతకు మించి, అబద్ధం రాసిన క్షణం నుంచి మన రక్షణ మన చేతులతో మనమే తీసేసుకున్నట్టు అవుతుంది.

ప్రభుత్వాలూ, మనమూ

తప్పంతా పేదవాడిపై నెట్టివేయడం న్యాయం కాదు. న్యాయమైన దారి ఇరుకుగా ఉంటే జనం పక్కదారి పట్టకుండా ఉండరు. 1983 నాటి చట్టం స్థానంలో కొత్త చట్టం కోసం కేంద్రం 2025 అక్టోబరులో ముసాయిదా విడుదల చేసి అభిప్రాయాలు కోరింది. ఉద్యోగం పేరు చెప్పి విజిట్ వీసాపై పంపే దళారులకు కఠిన శిక్ష, అలా మోసపోయిన వారికి బీమా, స్వదేశం చేర్చే సదుపాయం ఏ కొత్త చట్టంలోనైనా తప్పక ఉండాలి. తెలంగాణ ప్రభుత్వం 2024 సెప్టెంబరులో ప్రజాభవన్‌లో ప్రవాసీ ప్రజావాణి ప్రారంభించి, గల్ఫ్‌లో మరణించిన కార్మికుల కుటుంబాలకు 5 లక్షల రూపాయల సాయం ప్రకటించింది. మంచి పనే. కాని మరణించాక ఆదుకోవడం కంటే బయలుదేరక ముందే హెచ్చరించడం మేలు. ఏ మండలంలో ఏ ఏజెంటుకు లైసెన్సు ఉందో పంచాయతీ కార్యాలయం గోడ మీద రాసి పెట్టడానికి పెద్ద నిధులేమీ అక్కరలేదు.

మన వంతు పనీ ఉంది. మసీదు కమిటీలు వారంలో ఒకరోజు, చదువుకున్న యువకులు ఇద్దరిని కూర్చోబెట్టి, వచ్చినవారి వీసా, ఒప్పందం చదివి వినిపించే ఏర్పాటు చేయవచ్చు. ఏజెంటు పేరు ఈ-మైగ్రేట్ జాబితాలో ఉందో లేదో చూసి చెప్పడానికి పది నిమిషాలు చాలు. అప్పటికే వెళ్లి చిక్కుకున్నవారి కోసం ప్రవాసీ భారతీయ సహాయతా కేంద్రం ఉచిత నెంబరు 1800113090 ఉంది, విదేశాంగ శాఖ మదద్ పోర్టల్ ఉంది. పరువు పోతుందని దాచిపెట్టకుండా మొదటి వారంలోనే ఫిర్యాదు చేయడం ముఖ్యం.

కొడుకు ఇంటికి వెళ్లే తల్లి విజిట్ వీసాపై వెళ్లాలి. పనికి వెళ్లే తమ్ముడు ఒప్పందంతో, వర్క్ వీసాపై వెళ్లాలి. హజ్‌కు వెళ్లే తండ్రి, ఒక సంవత్సరం ఆలస్యమైనా సరే, హజ్ పర్మిట్‌పైనే వెళ్లాలి. ఎవరి దారిలో వారు వెళితే చుట్టపుచూపుగా వెళ్లేవారికి ఈ అనుమానపు చూపులూ, కొత్త ఆంక్షలూ తగ్గుతాయి. ఈ మాట ఇంటింటా చెప్పుకోవలసిన సమయం ఇదే.